కొన్నప్పటికే ఉంది

సముద్రపు ఒడ్డు, బళ్ళు ఆపుకునే మైదానం

వదినా,

ఈ దేశమంతా తిరగడానికి బండి కొనేశాం. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం మీరు కుదురుగా చదువుతారని మొదటే రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీకు సగం వినపడదు. వినపడని సగం మీరే కల్పించుకుని బెంగపడతారు. అందుకే ఉత్తరం.

పాత వ్యాను. తెల్ల రంగు కాస్తా పసుపెక్కింది. అమ్మినాయన తేనెటీగలు పెంచుతాడు. ఈగల పెట్టెలు పొలాలకి చేరవెయ్యడానికీ, కాపలా ఉన్నప్పుడు అందులోనే పడుకోవడానికీ వాడుకునేవాడట. లోపల చెక్కల నేల, గోడకి ఒక బల్ల తప్ప ఇంకేం లేవు. కానీ ఎక్కగానే తేనె వాసన. ఇన్నేళ్ళూ పాఠాలు చెప్పి బతికిన భాషలో మొదటిసారి బేరమాడాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా విని, "ఇంత శుద్ధంగా మా నాయనమ్మ మాట్లాడేది" అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పాక మీ తమ్ముడికి నవ్వు ఆగలేదు. ఆ రోజంతా నేను ఆయనకి నాయనమ్మనే.

మీ తమ్ముడికి ఈ భాష ఒక్క ముక్క రాదు, రాలేదన్న బెంగా లేదు. ఎవరి పేరూ నోరు తిరగదు కాబట్టి అందరికీ తెలుగు పేర్లు పెట్టేస్తున్నారు. బండి అమ్మినాయన తేనెలాయన. మైదానం గేటు దగ్గర కూర్చునే ఆవిడ తాళంకప్ప. ఈయన నవ్వుతూ పిలుస్తారు, వాళ్ళూ నవ్వుతూ పలుకుతారు. నేను మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తున్నాను. "నా నోరు నీ దగ్గరుంది, జాగ్రత్తగా వాడు" అంటారు.

మంచం, గిన్నెల అర, చిన్న సింకు అన్నీ ఆయనే బిగించారు. ఇక్కడ చలి మనం అనుకున్నట్టు లేదు, ఎముకల్లోకి దిగుతోంది. పాత ఇనుము కొట్లో ఒక చిన్న హీటరు దొరికింది, గ్యాసుతో వెలిగేది. దాన్ని మంచం పక్కన పెట్టి, పైకప్పుకి కన్నం చేసి, పొగగొట్టం బయటికి వదిలారు. "ఇన్నాళ్ళూ ఫ్రిజ్‌లు బాగుచేసి జనానికి చల్లదనం ఇచ్చాను, వేడి పుట్టించడం ఇదే మొదలు" అని మురిసిపోయారు. మా అక్కకి రాయి, ఇల్లు పూర్తయిందని రాయి అంటున్నారు. రాశాను.

మీ మరదలు

*

ఇల్లు

మరదలు పిల్లకి,

ఉత్తరం అందింది. బడులు తెరిచే రోజులు కదా, కూర్చుంటే మళ్ళీ లేచే పని లేకుండా ఉంది. యూనిఫారాల నీలం గుడ్డ గదిలో ఎటు చూసినా అదే. కలలో కూడా కాలర్లు తిరగేస్తున్నాను. మిషను బెల్టు తెగింది. వాడుంటే నిమిషంలో వేసేవాడు. ఇప్పుడు వీధి చివర మెకానిక్కుని బతిమాలాలి, వాడేమో రేపంటాడు, వాడి రేపు ఎప్పటికీ రాదు.

నాలుగు గోడల ఇల్లుండగా తగరపు డబ్బాలో పడుకోవడం ఏం సరదానో నాకు బుర్రకెక్కడం లేదు. ఇద్దరూ యాభై దాటారు. పిల్లలు లేరు, అడిగేవాళ్ళు లేరు, నిజమే. నేనున్నానుగా అడగడానికి. రోడ్డంటే నాకెందుకు పడదో నీకు తెలుసు. మీ అన్నయ్యని లారీ గుద్ది చంపి, ఆగకుండా పోయాక నేను రోడ్డు దాటడం కూడా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే. అలాంటిదాన్ని, మీరు రోడ్డు మీదే కాపురం పెట్టామంటే గుండె ఎలా ఉంటుందో ఆలోచించు.

సరే, వెళ్ళారు. జాగ్రత్త. వాణ్ణి వేగంగా తోలనివ్వకు. నీ నాయనమ్మ భాష నాకు ఒక్క ముక్కైనా రాసి పంపు, ఎలా ఉంటుందో చూస్తాను.

వదిన

*

కొండ కింద ఊరు, చెరుకు రంగు ఇళ్ళ వీధి

వదినా,

కంగారు పడకండి, ఇద్దరం బాగానే ఉన్నాం. బండి గుంటలో పడింది.

కొండ దిగుతుంటే వాన మొదలైంది. ఎదురుగా పెద్ద ట్రక్కు వచ్చింది. మీ తమ్ముడు పక్కకి తప్పుకోబోతే చక్రం బురదలో జారింది, బండి ఒక పక్కకి ఒరిగి గుంటలో కూర్చుంది. లోపల గిన్నెలన్నీ నా ఒళ్ళో ఉన్నాయి. నా మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. ట్రక్కు ఆగలేదు. వానలో నిలబడి అటు చూడటం, ఇటు చూడటం.

అప్పుడొచ్చారు వాళ్ళు. వాళ్ళదీ వ్యానే, మాకంటే పెద్దది. ముందు ఒక పొడుగాటి మనిషి దిగాడు. ఎంత పొడుగంటే, తలుపులోంచి దిగడానికి ఆయన మూడు మడతలు పడాల్సి వచ్చింది. వెనక ఆయన భార్య, పొట్టిగా, గుండ్రంగా. మీ తమ్ముడు ఆ వానలోనే వాళ్ళకి పేర్లు పెట్టేశారు. ఆయన నిచ్చెన. ఆవిడ గువ్వ. నిచ్చెన బడి పిల్లల బస్సు తోలి రిటైరైన మనిషి. మాట్లాడకుండా తాడు తీసి, బండికి కట్టి, "నువ్వు స్టీరింగు పట్టుకో" అని మీ తమ్ముడికి సైగ చేశాడు. ఈయనకి ఆ సైగ అర్థమైంది. నేను నోరు తెరిచేలోగా బండి రోడ్డెక్కింది. మగవాళ్ళిద్దరూ బురద చేతులతోనే ఒకరి భుజాలొకరు చరుచుకున్నారు.

ఆ రోజు నుంచి వాళ్ళూ మేమూ కలిసే వెళుతున్నాం. సాయంత్రాలు రెండు బళ్ళూ పక్కపక్కన ఆపుకుంటాం. గువ్వ పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసిందట. ఎవరు నవ్వినా నోట్లోకే చూస్తుంది. మీ తమ్ముడి వెనక పన్ను పుచ్చిందని మొదటి పూటే కనిపెట్టింది. నిచ్చెనా మీ తమ్ముడూ ఒక్క మాట ఉమ్మడిగా లేకుండా గంటల కొద్దీ ఇంజను మూత తెరిచి కబుర్లాడుకుంటారు. "ఏం మాట్లాడుకున్నారు" అని అడిగితే, "చాలా" అంటారు.

ఒక్కటే ఇబ్బంది. పొద్దున లేచేసరికి ఇద్దరికీ తలనొప్పి. కిటికీ కాస్త తెరిచి పడుకోకపోతే నాకు ఊపిరాడదు, మీకు తెలుసుగా. చలిగాలి వల్లే అంటారు ఆయన. ముఖం కడుక్కుని బయట నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంది.

మీ మరదలు

*

ఇల్లు

మరదలు పిల్లకి,

గుంటలో పడ్డామని ఉత్తరం మొదట్లోనేనా రాసేది? ఇద్దరం బాగున్నామని ముందు రాశావు కాబట్టి బతికాను.

తలనొప్పికి కళ్ళద్దాలు మార్చుకో. నీవి ఎప్పటివో. వాడివి అంతకంటే పాతవి. కళ్ళ డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి, అక్కడైతే నీ భాష కూడా పనికొస్తుంది.

ఆ గువ్వ ఎవరో మంచిదానిలా ఉంది. నాకు కొంచెం కుళ్ళుగా ఉందని రాస్తే నవ్వుకుంటావు, నవ్వుకో. మా తమ్ముడి పుచ్చుపన్ను సంగతి ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను, నా మాట విన్నాడా. ఆవిడతో తీయించుకోమను.

మిషను బాగైంది. రేపు అన్నవాడు నిజంగానే రేపు వచ్చాడు. లోకం మారుతోంది.

వదిన

*

ఆసుపత్రి ఉన్న ఊరు

వదినా,

నిచ్చెన చనిపోయాడు.

వాళ్ళ బండి పైకప్పు కారుతోందని గ్యారేజీలో ఇచ్చారు. గువ్వకి జలుబు చేసి దగ్గుతోంది. "మా బండిలో పడుకోండి, వెచ్చగా ఉంటుంది" అని మీ తమ్ముడు పట్టుపట్టారు. మేం బళ్ళు ఆపుకున్న మైదానంలోని ఆఫీసు గదిలో పడుకున్నాం. పొద్దున వాళ్ళకి కాఫీ పట్టుకుని ఈయనే వెళ్ళారు. తలుపు తట్టారు. పలకలేదు. తలుపు తీశారు.

హీటరు పొగగొట్టం జాయింటు ఊడిపోయి, విషగాలి బండి లోపలే నిండింది. దానికి వాసన ఉండదట వదినా, ఆ గాలికి. జలుబుకి చలి తగలకూడదని వాళ్ళు కిటికీలన్నీ బిగించుకున్నారు. గువ్వ తలుపు వైపు పడుకుంది, తలుపు కింద సందులోంచి వచ్చిన గాలి ఆవిణ్ణి కాపాడింది. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. బతుకుతుందన్నారు.

మీ తమ్ముడు నిచ్చెనని ఒక్కరే బయటికి లాగారు. అంత పొడుగు మనిషిని. గడ్డి మీద పడుకోబెట్టి, నిచ్చెనా, నిచ్చెనా అని పిలుస్తూనే ఉన్నారు. ఆయన అసలు పేరు అప్పటికీ మీ తమ్ముడి నోటికి రాలేదు.

అధికారులు వచ్చి అన్నీ అడిగి వెళ్ళారు. మంచిగానే మాట్లాడారు. విచారణ పూర్తయ్యేదాకా దేశం దాటొద్దన్నారు. బండిని వాళ్ళు తీసుకెళ్ళారు. మేం బాగానే ఉన్నాం. మీరు బెంగ పెట్టుకోకండి.

మీ మరదలు

*

ఇల్లు

మరదలు పిల్లకి,

ఉత్తరం చదివి కత్తెర కింద పెట్టేశాను. ఆ పూట మళ్ళీ పట్టుకోలేదు. మొహం తెలియని మనిషి కోసం ఏడవడం ఇదే మొదలు.

ఏడ్చాక కూర్చుని ఆలోచించాను. నాకు చెవులు పనిచెయ్యకపోవచ్చు, బుర్ర పనిచేస్తుంది. ఆ హీటరు పొయ్యి మావాడే బిగించాడని నువ్వే రాశావు, వాడు మురిసిపోయాడని కూడా రాశావు. మనిషి పోయాడు. మరి అధికారులు మంచిగా మాట్లాడి ఎలా వెళ్ళిపోయారు? వాడేం చెప్పాడు? వాడికి అబద్ధం చెప్పడం రాదు, చిన్నప్పుడు ఒక్కసారి ప్రయత్నించి వాడే ఏడ్చేశాడు. వాడు నిజమే చెప్పి ఉంటాడు. అలాంటప్పుడు వాళ్ళు వదలరు.

ఏదో దాస్తున్నావు. నాతో దాచకు. నీ పాత ఉత్తరం పొయ్యిలో వేశాను, ఎందుకైనా మంచిదని.

వదిన

*

గువ్వ ఇల్లు, మేడ మీద గది

వదినా,

మీ ఊహ నిజం. దాచాను.

ఆ రోజు మైదానం ఆఫీసులో ఒక ఆఫీసరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది. హీటరు ఎవరు పెట్టారని. నేను తెలుగులో అడిగాను. మీ తమ్ముడు, "నేనే పెట్టానని చెప్పు. జాయింటు నా చేత్తోనే బిగించాను, గుంటలో పడ్డాక మళ్ళీ చూసుకోలేదు. అన్నీ చెప్పు" అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ భాషలో, "బండి కొన్నప్పటికే ఉంది అంటున్నారు" అన్నాను.

ముందుగా అనుకున్నది కాదు. నోరు తెరిచాను, ఆ మాట వచ్చింది. వ్యాకరణం తప్పు కూడా లేదు.

ఆవిడ రాసుకుంది. ఈయన ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వేసి, "మీ తప్పేం లేదు" అంది. "ఏమంటోంది" అని ఈయన అడిగారు. "బాధపడకండి అంటోంది" అన్నాను. మీ తమ్ముడు ఆవిడకి చేతులు జోడించారు. తను తప్పు ఒప్పుకున్నాననీ, ఆవిడ అర్థం చేసుకుందనీ అనుకున్నారు. ఇప్పటికీ అదే అనుకుంటున్నారు.

గువ్వ ఆసుపత్రి నుంచి రాగానే ఈయన్ని గట్టిగా పట్టుకుంది. "నా భర్తని ఒంటరిగా బయటికి మోసిన మనిషివి" అంది. నేను అదీ సగమే చెప్పాను. "నన్ను ఎలా క్షమించింది ఈ మనిషి, మనవాళ్ళెవరైనా ఇలా క్షమిస్తారా" అని ఈయన ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటారు. హోటల్లో ఎందుకు, మా ఇంట్లో ఉండండి అని ఆవిడే మేడ మీద గది ఇచ్చింది. ఈయన ఆవిడ ఇంట్లో కుళాయిలన్నీ బాగుచేశారు, ఫ్రిజ్‌కి కొత్త రబ్బరు వేశారు, కీచుమనే తలుపులకి నూనె పెట్టారు. ఆవిడ ఈయనకి మాటలు నేర్పుతోంది. వస్తువు ముట్టుకుని పేరు చెబుతుంది. చెంచా. తలుపు. నీళ్ళు. ఇన్నేళ్ళలో నా దగ్గర ఒక్క ముక్క నేర్చుకోని మనిషి ఆవిడ దగ్గర చిన్నపిల్లాడిలా కూర్చుంటున్నారు.

ఇంతవరకే అయితే నేను మీకు కూడా చెప్పేదాన్ని కాదేమో. తేనెలాయన మీద కేసు పెట్టి జైల్లో వేశారు. ప్రమాదకరమైన పొయ్యి ఉన్న బండి అమ్మి మనిషి చావుకి కారణమయ్యాడని. గువ్వ రోజూ ఆయన్ని తిడుతుంది. భోజనాల బల్ల దగ్గర చెంచా పట్టుకుని, "వాడు అక్కడే చావాలి" అంటుంది. "ఎవరి మీద కోపం ఆవిడకి" అని ఈయన అడుగుతారు. ఎవరో ఆఫీసరు మీద అంటాను.

పోయిన వారం మమ్మల్ని సంతకాలకి పిలిచారు. ఆ ఆఫీసు వరండాలో తేనెలాయన కూర్చుని ఉన్నాడు, పక్కన పోలీసు. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారింది. లేచి నిలబడ్డాడు. "వచ్చారా. మీరు చెప్పండి వీళ్ళకి. బండిలో ఏమీ లేదుగా. బల్ల ఒక్కటేగా ఉంది. మీకు గుర్తుందిగా" అన్నాడు. మీ తమ్ముడు పాత స్నేహితుడు కనిపించినట్టు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

"ఏమంటున్నాడు?" అన్నారు నా వైపు తిరిగి.

"బాగున్నారా అంటున్నాడు."

"బాగున్నామని చెప్పు. ఆయనిచ్చిన తేనె చాలా బావుందని చెప్పు."

నేను తేనెలాయన ముఖం చూసి ఏమీ చెప్పలేకపోయాను. ఆయనకి అప్పుడు అర్థమైంది. చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. కేకలు వెయ్యలేదు. నన్ను చూస్తూ కూర్చున్నాడు, అంతే.

ఏం చెయ్యను వదినా. చెబితే మీ తమ్ముణ్ణి తీసుకుపోతారు. చెప్పకపోతే ఆయన్ని. మీరూ ఒకప్పుడు ఆ లారీ వాడు ఒప్పుకుంటే చాలు, నాకు ఇంకేం అక్కర్లేదు అన్నారు.

మీ మరదలు

*

ఇల్లు

మరదలికి,

అన్నాను. ఆ లారీ వాడి కోసం ఎన్నేళ్ళు వెతికానో నీకు సగమే తెలుసు. రోడ్డు మీద లారీ ఆగితే తోలేవాడి ముఖం చూసేదాన్ని. వీడేనా, వీడేనా అని. వాడు ఒక్కసారి వచ్చి నేనే అంటే నేను నిద్రపోయేదాన్ని.

కానీ వాడికీ ఒక అక్క ఉండి ఉంటుంది. నోరు మూసుకోరా, ఇంట్లో కూర్చో అని ఆవిడ చెప్పి ఉంటుంది. ఆవిణ్ణి జీవితమంతా తిట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చున్నాను. అవతలి గట్టు మీద ఎలా ఉంటుందో నాకు తెలుసు, తెలిసే చెబుతున్నాను. దాచు.

తేనెటీగల వాడికి వాళ్ళ దేశం, వాళ్ళ భాష, వాళ్ళ వకీలు ఉన్నారు. ఏదోలా బయటపడతాడు. మావాడికి ఎవరున్నారు? జైల్లో మంచినీళ్ళు కావాలని అడగడం కూడా రాదు వాడికి. నిజం నీ ఒక్కదాని నోట్లో ఉంది. అక్కడే ఉండనీ. కాగితాలు తెమలగానే ఇద్దరూ వచ్చెయ్యండి.

పాపం అంటుకుంటే నాకు అంటుకోనీ. రాసిచ్చాను కదా.

వదిన

*

ఊరి చివర గది

వదినా,

మీ మాట వినలేదు. వినాలనే అనుకున్నాను. మీ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకుని, సరే, వదిన చెప్పింది, భారం ఆవిడదే అనుకుని కొన్నాళ్ళు బాగానే తిరిగాను.

ఒక ఉదయం గువ్వ పేపరు చదువుతూ, తేనెలాయన జైల్లో జబ్బుపడ్డాడని చెప్పి సంతోషించింది. అంత మెత్తని మనిషి, వదినా. ఆవిడ ముఖంలో ఆ సంతోషం చూడలేకపోయాను. అది నేను పెట్టింది.

మీ తమ్ముణ్ణి పార్కుకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. చెయ్యి ఎత్తినా బాగుండేది. "అయితే గువ్వ క్షమించింది నన్ను కాదన్నమాట" అన్నారు. అంతే అన్నారు. దాని మీదే బతుకుతున్నారు వదినా, ఇన్నాళ్ళూ. ఆవిడ క్షమించిందన్న ఒక్క దాని మీదే అన్నం తిన్నారు, నిద్రపోయారు. అది నేను లాగేశాను.

తర్వాత లేచి, "నాకు ఒక్క మాట కావాలి" అన్నారు. "నేను పెట్టాను అనడానికి పెట్టాను అన్న మాట ఏమిటి వాళ్ళ భాషలో? అది చెప్పి ఊరుకో. ఆవిడ ముందు నువ్వు నోరు విప్పొద్దు."

చెప్పాను. దారంతా ఆ మాటే వల్లె వేసుకుంటూ నడిచారు.

గువ్వ వంటింట్లో ఉంది. మాకు కాఫీ పోసింది. ఈయన తాగలేదు. నిలబడే ఉన్నారు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆవిడ నేర్పిన మాటలతోనే చెప్పారు. "నేను. పొయ్యి. నేను పెట్టాను. తేనె మనిషి కాదు. నేను." ఆవిడకి ముందు అర్థం కాలేదు, మాట తప్పు పలికారనుకుని దిద్దబోయింది. ఈయన తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే చెప్పారు. అప్పుడు ఆవిడ నా వైపు చూసింది. నేను తలూపాను.

ఆవిడ ఈయన ముందున్న కప్పు తీసింది. కాఫీ సింకులో పారబోసింది. కప్పు కడిగి, తుడిచి, అరలో పెట్టింది. పెట్టాక అక్కడే అటు తిరిగి నిలబడి, చిన్న పిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా అంది. "రేపటికి. ఇల్లు. ఖాళీ. చెయ్యండి."

నేను నోరు తెరవబోయాను. "నువ్వు చెప్పక్కర్లేదు. అర్థమైంది" అన్నారు మీ తమ్ముడు.

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఈసారి వాళ్ళు వేరే దుబాసీని పిలిపించారు. మీ తమ్ముణ్ణి ఆ సాయంత్రమే లోపల ఉంచేశారు. నన్ను ఈ గదికి పంపారు. నా మీద విడిగా కేసు ఉంటుంది.

మీరు ఏమనుకుంటారో ఊహించగలను. అనుకోండి. కానీ రాయండి.

మీ మరదలు

*

ఇల్లు

అందింది.

వాడికి మెడకి చలి పడదు. ఉన్ని గుడ్డతో మఫ్లరు కుట్టి పంపుతున్నాను. జైలువాళ్ళు తీసుకుంటారో లేదో కనుక్కో.

ఇంకేం రాయడానికి లేదు.

*

ఊరి చివర గది

వదినా,

మఫ్లరు తీసుకున్నారు. ఇచ్చాను. ఆ తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా మీ నుంచి జవాబు లేదు. ఇదీ రాస్తున్నాను. మీ తమ్ముడి సంగతి మీకు తెలియాలి కాబట్టి.

శిక్ష పడింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని. వచ్చే చలికాలం కూడా ఆయన లోపలే ఉండాలి. తనే వచ్చి చెప్పాడు కాబట్టి తగ్గించామన్నారు. నన్ను జైల్లో పెట్టలేదు. నా కేసు ఇంకా నడుస్తోంది, అది తేలేదాకా ఈ ఊరు దాటకూడదు. ఒక హోటల్లో దుప్పట్లు మడతపెట్టే పని దొరికింది. అక్కడ నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడితే నవ్వుతారు, పాతకాలం భాష అని.

కోర్టుకి గువ్వ వచ్చింది. చెప్పడానికి ఏమైనా ఉందా అని జడ్జి అడిగాడు. ఆవిడ లేచి, "మాకు చలి వేస్తుందని ఇతను తన పడక మాకిచ్చాడు. అది నిజం. మిగతాదీ నిజం" అని కూర్చుంది. బయటికి వెళ్ళేటప్పుడు మా వైపు చూడలేదు. చూస్తుందని నేనూ అనుకోలేదు.

తేనెలాయన ఇంటికి చేరాడు. ఆయన్ని కలవడానికి బస్సెక్కి వెళ్ళాను. గేటు దగ్గరే నిలబెట్టాడు. దొడ్డినిండా పెట్టెలున్నాయి, ఒక్క ఈగ లేదు. ఆయన లోపలున్న చలికాలంలో చూసేవాళ్ళు లేక అన్నీ చచ్చిపోయాయట. నేను క్షమించమని అడగబోయాను. "మీ భాష చాలా బాగుంటుంది. ఇంక మాట్లాడకండి" అన్నాడు. వెనక్కి వచ్చేశాను.

మీ తమ్ముణ్ణి వారానికోసారి చూడనిస్తారు. మధ్యలో గాజు. పక్కన కాపలా మనిషి. అతనికి అర్థమయ్యే భాషలోనే మాట్లాడుకోవాలని నిబంధన. తెలుగు మాట్లాడితే సమయం అయిపోయిందంటాడు. మొదటిసారి నేను అలవాటుగా "ఎలా ఉన్నారు" అన్నాను. అతను బల్ల మీద వేలితో కొట్టాడు. అందుకని ఇన్నేళ్ళు కాపురం చేసినవాళ్ళం ఇప్పుడు ఆయనకి వచ్చిన ఆ కాసిని మాటలతోనే మాట్లాడుకుంటున్నాం. "నీళ్ళు మంచివి. తలుపు చిన్నది. నువ్వు తిన్నావు?" అంటారు. తిన్నాను అంటాను. ఆ తర్వాత మాటలు అయిపోతాయి. నా మీద కోపం ఉందో లేదో అడగాలని ఉంటుంది, కోపం అన్న మాట ఆయనకి రాదు. గువ్వ నేర్పినవి అన్నీ వస్తువుల పేర్లే. మాట దొరక్క ఆయన గాజులోంచి నన్ను చూస్తూ కూర్చుంటారు. ఆ చూపులో ఏముందో నేను చదవలేను వదినా. దాన్ని నాకు ఎవరూ తర్జుమా చేసిపెట్టరు.

ఉత్తరాలకి మాత్రం ఆ నిబంధన లేదని కనుక్కున్నాను. తెలుగులో రాయవచ్చు. వాళ్ళు ఎవరితోనో చదివించుకుని ఆయనకి ఇస్తారు. నాకు రాయకపోయినా ఫర్వాలేదు. ఆయనకి రాయండి. చిరునామా కింద ఇస్తున్నాను.

మీ మరదలు

*

ఇల్లు

ఒరేయ్ చిన్నోడా,

ఈ కాగితం ముందు ఎవరో చదివి నీకిస్తారట. చదవనీ, వాళ్ళకీ తెలుగు వచ్చినట్టు ఉంటుంది.

నేను బాగానే ఉన్నాను. చెవులు ఇంకా మందగించాయి. దానివల్ల పక్కింటివాళ్ళ గొడవలు తప్పాయి. ఈ ఏడు యూనిఫారం రంగు మార్చారు, నీలం పోయి బూడిదరంగు వచ్చింది, అది కుడుతుంటే కళ్ళు లాగుతున్నాయి. మిషను మళ్ళీ మొరాయిస్తోంది, నువ్వొచ్చేదాకా ఓర్చుకోమని చెప్పాను దానికి. పన్ను నొప్పి పెడుతోందా? అక్కడ డాక్టరు ఉంటే చూపించుకో, ఇప్పుడైనా.

నువ్వు వెళ్ళి చెప్పడం నాకు నచ్చలేదు. నేనైతే చెప్పనిచ్చేదాన్ని కాదు. కానీ ఆ రోజు నుంచి రోడ్డు మీద లారీ ఆగినా నేను లోపల ముఖం చూడటం లేదు. ఎందుకో నాకు తెలియదు. నీకు చెప్పాలనిపించింది.

మీ ఆవిడ సంగతి. ఇన్నాళ్ళూ దానికి జవాబు రాయలేదు. మొదట నా దగ్గర దాచినందుకు కోపం, తర్వాత వాళ్ళ దగ్గర దాచనందుకు కోపం. రెండూ తగ్గలేదు. అది నీ కోసమే నోరు జారింది, నీ కోసమే మళ్ళీ తిరగేసింది. వారం వారం అక్కడికొచ్చి గాజు ముందు కూర్చుంటోందట. ఈసారి వచ్చినప్పుడు మాటలు లేకపోతే లేకపోయె, ముఖం మామూలుగా పెట్టు. దాని మీద కోపం ఉంచుకోకు. ఎవరో ఒకరు ఉంచుకోవాలి గనక నేను ఉంచుకుంటాను. ఆ పని నాకు వదిలెయ్.

అక్క